ఫోటోషాప్ కోర్సు ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సీఈసీ రెండో సంవత్సరం. ఫోన్‌లో పండుగ బ్యానర్లు, పుట్టినరోజు పోస్టర్లు బాగా చేస్తాడు. గ్రాఫిక్ డిజైనర్ అవుతానంటున్నాడు. మూడు నెలల ఫోటోషాప్, కోరల్‌డ్రా కోర్సులో చేర్పిస్తే చాలా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: చేర్పించండమ్మా, తప్పులేదు. కానీ అక్కడ నేర్పేది ఏ బటన్ ఎక్కడుందో. ఏ మాట పేజీలో ఎక్కడ ఉండాలో, ఎంత ఉండాలో విడిగా నేర్చుకోవాలి.

ఇంట్లో ఉన్న పెళ్లి శుభలేఖ ఒకటి తీసి బాబుకివ్వండి. చాలా కార్డుల్లో పేర్లు, ముహూర్తం, వేదిక, విందు అన్నీ మూడు నాలుగు ఫాంట్లలో, సందు లేకుండా కిక్కిరిసి ఉంటాయి. అవే మాటల్ని ఒకే ఫాంటు, రెండే సైజులు, నలుపు ఒక్కటే వాడి మళ్లీ చేయమనండి. వధూవరుల పేర్లు ముందు కంటపడాలి. తేదీ, సమయం, వేదిక ఒకచోట చేరాలి. ఆహ్వానించేవారి పేర్లకు ముందు కాస్త ఖాళీ వదలాలి. వరుసలన్నీ ఎడమవైపు ఒకే గీత మీద మొదలవ్వాలి. డిజైన్ కాలేజీల్లో హయరార్కీ, ప్రాక్సిమిటీ, వైట్‌స్పేస్, అలైన్‌మెంట్ అని చెప్పేవి ఇవే.

తెలుగుకి ఇంకో చిక్కుంది. దీన్ని పట్టించుకోని పని రోజూ చూస్తుంటే నాకు బాధేస్తుంది. ఇంగ్లిష్‌కి ఇచ్చినంత లైన్ గ్యాపే ఇస్తే పై వరుసలోని ‘రాష్ట్రం’ ఒత్తులు కింది వరుసలోని ‘విద్యార్థి’ గుడులకు తగులుకుంటాయి. 12 పాయింట్ల ఇంగ్లిష్ అక్షరానికి వరుస నుంచి వరుసకి 14, 15 పాయింట్లు సరిపోయే చోట తెలుగుకి చాలా ఫాంట్లలో 18 దాకా కావాలి. పుస్తకాల పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టకపోతే యూనికోడ్ తెలుగు ఒత్తులు విడిపోతాయి. ఈ రెండూ తెలిసిన కుర్రాడు తెలుగు పుస్తకం, పత్రిక, ప్యాకెట్ లేబుల్ ఏదైనా నమ్మకంగా చేయగలడు.

ప్రింటింగ్ ప్రెస్‌లో కొన్నాళ్లు కూర్చోబెడితే మరీ మంచిది. ఫోన్ తెర మీద మెరిసే ఆకుపచ్చ ప్రింటింగ్‌లో వాడే సీఎంవైకే నాలుగు రంగుల ఇంకులో ఎందుకు మందగిస్తుందో, కటింగ్ కోసం చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే అంచు దాటిన అదనపు రంగు, ఎందుకు వదలాలో అక్కడ కళ్లారా చూస్తాడు.

డిగ్రీ సంగతికొస్తే, డిజైన్ డిగ్రీ ప్రవేశపరీక్ష యూసీడ్‌కి ఇంటర్ ఏ గ్రూపైనా పర్వాలేదు. ఐఐటీ హైదరాబాద్‌లో బీడెస్ (డిజైన్ డిగ్రీ) సీట్లు దాని ద్వారానే. పరీక్ష జనవరిలో ఉంటుంది, దరఖాస్తు గడువు అంతకు చాలా ముందే అయిపోతుంది, జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో చేరాలంటే డాట్ అనే ప్రవేశపరీక్ష రాయాలి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, కూడా చూడండి.

ఆ శుభలేఖ పాతదీ, తను చేసిందీ పక్కపక్కన పెట్టి దాచుకోమనండి. తన పనులన్నీ చూపించే పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ అదే పెట్టొచ్చు.