శనివారం ఇంటికి రావచ్చా సార్?

ప్రశ్న: నమస్కారం సార్. మా అబ్బోడు ఎనిమిదో తరగతి. ‘ఎండర్స్ గేమ్’ నవల చదివాడు. గ్రహాంతర శత్రువులతో యుద్ధానికని తెలివైన పిల్లల్ని ఏరి, ఆరేళ్ల ఎండర్‌ని ఇంట్లోనుంచి తీసుకుపోతారంట. లోకం కోసమే కదా, తప్పేముందంటారు వాళ్ల నాన్న. తప్పేనంటాడు వీడు. ఇంతలో ఒక స్కూలువాళ్లు ఇంటికొచ్చి, టాలెంట్ టెస్టులో ఫస్టొచ్చాడు, ఫీజు మాఫీ, హాస్టల్లో పెట్టి ఇప్పట్నుంచే ఐఐటీకి తయారుచేస్తామన్నారు. ఎవరి మాట వినేది?
- ఒక తల్లి, కొంగారెడ్డిపల్లె, చిత్తూరు

జవాబు: అమ్మా, ఈ విషయంలో నేను తటస్థుణ్ని కాను. పిల్లల్ని పట్టుకొచ్చే పని నేనూ చేశాను. తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేటప్పుడు, వేసవి వస్తే లెక్చరర్లకు అడ్మిషన్ల టార్గెట్ ఇచ్చేవాళ్లు. స్కూటరేసుకుని పాకాల పక్క పల్లెలు తిరిగేవాణ్ని. ఒక ఇంట్లో తండ్రి మజ్జిగ ఇచ్చి, “మీరే చూసుకోండి సార్” అని సంతకం పెట్టేశాడు. పిల్లోడు మాత్రం ఒక్కటే అడిగాడు: “శనివారం ఇంటికి రావచ్చా సార్?” ఓ, రావచ్చు నాయనా అన్నాను. మా హాస్టల్లో నెలకొక్కసారి పంపితే గొప్ప. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

1985లో వచ్చిన ఆ నవల చదివినప్పుడు నాకు యుద్ధాలకంటే సంతకం సంగతే గుచ్చుకుంది. ఎండర్ ఇంట్లో మూడో బిడ్డ. ఆ లోకంలో మూడో బిడ్డకు సర్కారు అనుమతి కావాలి. వాడు కడుపులో ఉన్నప్పుడే తల్లిదండ్రులు సమ్మతి రాసిచ్చేశారు. గ్రాఫ్ అనే కల్నల్ వచ్చి వాణ్నీ అడుగుతాడు, నిజమే, ఆరేళ్లవాణ్ని! చివరికి పరీక్ష అని చెప్పి ఆడించిన ఆట అసలు యుద్ధం. వాడికి తెలియకుండానే వాడి చేత ఒక జాతినంతా చంపించారు. నిజం తెలిస్తే చెయ్యడని తెలిసే దాచారు. మీ ఆయనతో నేను ఒప్పుకోనిది ఇక్కడే. లోకం మీదికి ఆపదొస్తే పిల్లోణ్ని పిలవక తప్పదేమో, దాని మీద వాదించుకోవచ్చు. ‘వద్దంటాడు’ అని తెలిసి దాచారంటే మాత్రం వాడి జవాబు వాళ్లకు ముందే అందినట్టే కదా.

ఇంతదూరం ఆకాశంలోకి ఎందుకు, మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కథే చూడండి. 1909లో మద్రాసు అడయారు సముద్రపు ఒడ్డున, దివ్యజ్ఞాన సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ కంటపడ్డాడు. ఈ పిల్లవాడే రాబోయే జగద్గురువన్నారు. మరుసటి ఏడు తండ్రి నారాయణయ్య ఆ పిల్లవాడి, వాడి తమ్ముడి సంరక్షణ హక్కు ఆ సమాజం అధ్యక్షురాలు అనీబిసెంటుకు రాసిచ్చాడు. 1912లో నా బిడ్డల్ని నాకివ్వమని కోర్టుకెక్కాడు. మద్రాసులో గెలిచి, 1914లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌లో, అంటే అప్పటి మన పై కోర్టులో, ఓడిపోయాడు. ఆ పిల్లవాడు 34 ఏళ్లవాడయ్యాక, 1929లో, తన కోసం కట్టిన సంఘాన్ని తానే రద్దు చేసేశాడు. బాగా చదివించారు, ప్రేమగానే చూశారు. అయినా నాకు అక్కర్లేదు అనడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఎండర్‌కైతే ఆ అవకాశమూ లేదు; వాడికి తెలిసేసరికి అంతా అయిపోయింది.

మీవాణ్ని పంపొద్దని నేననను. కొందరు పిల్లలకు ఊళ్లో దొరకని చదువు నిజంగానే అక్కడ దొరుకుతుంది. ముందు మీరిద్దరూ పక్కకెళ్లి, వాణ్నే ఆ స్కూలువాళ్లను అడగనివ్వండి. పొద్దున ఎన్నింటికి లేపుతారు, ఆటలకు ఎంతసేపు, ఇంటికెప్పుడు పంపుతారు, ర్యాంకు పడిపోతే ఫీజు మాఫీ ఉంటుందా, ఇవన్నీ. తర్వాత మీరొకటి అడగండి: మధ్యలో మానేస్తే పైసా కట్టించుకోకుండా టీసీ ఇస్తామని కాగితం మీద రాసివ్వమనండి. రాసిస్తే ఆ కాగితం నాకూ ఒకసారి పంపండి. ముప్పై ఏళ్ల సర్వీసులో నేనైతే అలాంటిది చూడలేదు.