గుండె చప్పుడు బాగుందంటే సరిపోదు

పిల్లల డాక్టరుకు పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. నా వయసు 24. మాది మేనరికం, మా అమ్మ సొంత తమ్ముణ్ణే చేసుకున్నాను. రెండో కాన్పులో పుట్టిన బాబుకు ఇప్పుడు నెలన్నర. రక్తపరీక్షలో డౌన్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోము ఎక్కువై ఎదుగుదల, తెలివి నెమ్మదించే పుట్టు లోపం) అని తేలింది. ఆసుపత్రిలో గుండెకు ఎకో (గుండె స్కానింగు) తీయించమన్నారు. మా ఊరి ఆర్‌ఎంపీ గారేమో స్టెతస్కోపు పెట్టి చూసి, "చప్పుడు బాగానే ఉంది, ఆర్నెల్లు పోనివ్వండి" అన్నారు. తెలివికి టానిక్ రాశారు. బాబు రెండు గుక్కలు తాగి ఆగిపోతాడు, నుదురంతా చెమటలు. గ్రహణం రోజు కూరగాయలు తరిగావని మా అమ్మమ్మ (ఆవిడే నాకు అత్తగారు కూడా) రోజూ అంటోంది. చుట్టాలు మేనరికం వల్లే అంటున్నారు. ఇంకో బిడ్డను కనాలంటే భయంగా ఉంది.
– ఒక తల్లి, తుని

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు ఈ వారంలోనే ఎకో తీయించండి.

డౌన్ సిండ్రోమ్‌తో పుట్టే పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. వీళ్లలో ఎక్కువగా చూసేది గుండె నడిమధ్యన, పై గదులనూ కింది గదులనూ కలిపేసే పెద్ద రంధ్రం. అంత రంధ్రముంటే చప్పుడు వినపడదా అంటారు. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువగానే ఉంటుంది. రెండు తొట్లలో నీళ్లు ఒకే మట్టాన ఉంటే మధ్య తూములోంచి పారవు కదా, అలాగే రంధ్రం ఉన్నా రక్తం జోరుగా దాటదు. స్టెతస్కోపుకు ఏమీ తెలియదు. వారాలు గడిచి ఆ ఒత్తిడి తగ్గాక ఊపిరితిత్తుల మీదికి రక్తం పోటెత్తుతుంది. అప్పుడు పాలు తాగడమే బిడ్డకు పెద్ద పనైపోతుంది. మీరు రాసిన చెమటలు నాకు నచ్చనిది అందుకే.

ఇలాంటి రంధ్రానికి ఆపరేషన్ సాధారణంగా 3 నుంచి 6 నెలల మధ్య చేస్తారు. మిమ్మల్ని పోనివ్వమన్న ఆర్నెల్లే దానికి అదను. అది దాటితే ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడడం మొదలవుతుంది. ఈ పిల్లల్లో మరీ తొందరగా గట్టిపడతాయి. బాగా ముదిరిపోయాక ఆపరేషన్ చేయడానికి ఏ సర్జనూ ఒప్పుకోడు.

డబ్బు గురించి ఆగకండి. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో డీఈఐసీ (పిల్లల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చూసే జిల్లా కేంద్రం) ఎక్కడని అడగండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే విభాగం అది, వాళ్లు చూసే జబ్బుల జాబితాలోనే డౌన్ సిండ్రోమ్ ఉంది. పిల్లల గుండె ఆపరేషన్లు ఎన్టీఆర్ వైద్యసేవలో కూడా చేస్తారు. కార్డు, రక్తపరీక్ష కాగితాలు పట్టుకెళ్లండి.

ఈలోగా పాలు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పట్టండి. తల ఎత్తుగా ఉంచి, గడ్డం కింద మీ వేలితో ఆసరా ఇవ్వండి. ఒళ్లు మెత్తగా ఉండే పిల్లలకు రొమ్ము పట్టు జారిపోతుంటుంది. వారం వారం ఒకే కాటా మీద బరువు చూపించండి. డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారినా తెల్లారేదాకా చూడొద్దు, అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లండి.

తెలివి పెంచే టానిక్ అంటూ ఏదీ లేదు. ఆ డబ్బుతో థైరాయిడ్ పరీక్ష చేయించండి. పుట్టినప్పుడు చేశారో లేదో డిశ్చార్జి కాగితంలో చూడండి. మళ్లీ 6 నెలలకు, ఏడాదికి, తర్వాత ఏటా చేయించాలి. థైరాయిడ్ తగ్గితే ఎదుగుదలా, తెలివీ రెండూ కుంటుపడతాయి. చవక మాత్రతో సరిదిద్దగలిగిన దాన్ని వదిలేసి టానిక్కులేమిటి, నాకు ఒళ్లు మండుతుంది. వినికిడి పరీక్ష కూడా చేయించండి. 6 నెలల లోపు కంటి డాక్టరుకు చూపించండి, ఈ పిల్లల్లో కొందరికి పుట్టుకతోనే శుక్లాలుంటాయి.

ఇక మేనరికం. నేను దాన్ని వెనకేసుకురావడం లేదు. దగ్గరి సంబంధాల్లో వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి, తలసీమియా, కొన్ని రకాల పుట్టు చెవుడు లాంటివి. ఇది వాటిలోది కాదు. రిపోర్టులో 47 అనీ, ప్లస్ 21 అనీ ఉంటే 21వ క్రోమోజోము రెండు ఉండాల్సిన చోట మూడు ఉన్నాయని. అండమో, వీర్యకణమో తయారయ్యేటప్పుడు జరిగే పొరపాటు అది, చాలావరకు అండంలోనే. ఏ సంబంధమూ లేని దంపతులకూ అంతే జరుగుతుంది. గ్రహణం సంగతంటారా, మీరు కత్తిపీట ముందు కూర్చునేనాటికే బాబులో ఆ క్రోమోజోము ఉంది. ఈ ముక్క అమ్మమ్మగారికి చదివి వినిపించండి.

మళ్లీ ఇలాగే జరిగే అవకాశం మీ వయసులో సుమారు నూటికి ఒకటి. రిపోర్టులో ట్రాన్స్‌లొకేషన్ (ఆ ఎక్కువైన 21వ క్రోమోజోము వేరే క్రోమోజోముకు అతుక్కుని ఉండడం) అని ఉంటే మాత్రం ఆ లెక్క మారుతుంది, మీ ఇద్దరికీ రక్తపరీక్ష చేయాలి. బాబు గుండె సంగతి తేలాకే ఇంకో బిడ్డ ఆలోచన పెట్టుకోండి. అప్పుడు గర్భం 11 నుంచి 14 వారాల మధ్య స్కానింగు, రక్తపరీక్ష చేయించుకోవచ్చు.

ప్రశ్న: నా మనవరాలికి 5 ఏళ్లు, డౌన్ సిండ్రోమ్. గుండె బాగానే ఉంది. రాత్రుళ్లు గట్టిగా గురక, కూర్చుని ముందుకు వంగి నిద్రపోతుంది. బడిలో పిలిస్తే పలకదట, మొండి అంటున్నారు.
– రిటైర్డ్ టీచర్, కరీంనగర్

జవాబు: మాస్టారూ, మొండి అనే ముందు చెవులు చూపించండి. ఈ పిల్లల చెవి రంధ్రాలు సన్నగా ఉంటాయి, కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి తగ్గుతుంది. ఆ వంగి పడుకోవడం ఊపిరి ఆడక పాప తనంతట తాను వెతుక్కున్న ఉపాయం. గురక ఉన్నా లేకపోయినా 4 ఏళ్లలోపు నిద్ర పరీక్ష (నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసేది) చేయించాలంటారు, మీరు ఇప్పటికైనా చేయించండి. టాన్సిల్స్, ఎడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) తీయాల్సి వస్తే, ఈ పిల్లల్లో మెడ ఎముకల పట్టు సడలి ఉండొచ్చని మత్తు డాక్టరుకు ముందే గుర్తుచేయండి. బడిలో డ్రిల్లు మాస్టారికి కూడా ఓ మాట చెప్పండి, పిల్లిమొగ్గలు వేయించొద్దని. నడక తడబడినా, చేతుల్లో పట్టు తగ్గినా, అప్పటిదాకా లేనిది బట్టల్లో మూత్రం పోస్తున్నా వెంటనే మెడ చూపించండి.