సర్టిఫికెట్లు ఆయన దగ్గరే ఉండిపోయాయి, ఇప్పుడు నర్సింగ్ చేయగలనా?

ప్రశ్న: మాది హాలియా దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ పాసయ్యాను. పదేళ్లు భర్త చేతిలో దెబ్బలు పడ్డాక, మూడో తరగతి చదివే పాపను తీసుకొని అమ్మగారింటికి వచ్చేశాను. నాకు 31 ఏళ్లు. బ్లౌజులు కుడుతున్నాను. ఆయన మీద కేసు వద్దు, పైసలూ వద్దు. తమ్ముడేమో హైదరాబాద్ పోయి గ్రూప్స్ కోచింగ్ తీసుకోమంటున్నాడు. నాకు నర్సింగ్ చేయాలని ఉంది. ఈ వయసులో కుదురుతుందా?

జవాబు: కుదురుతుందమ్మా. జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమాలో 35 ఏళ్ల వరకు చేరొచ్చు. ఇంటర్‌లో 40 శాతం మార్కులుంటే చాలు. మీ తమ్ముడు మంచికే చెప్తున్నా, గ్రూప్స్ ఇప్పుడు వద్దు. 2022లో వచ్చిన గ్రూప్-1కు ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది, 2024లో నోటిఫికేషనే రద్దయింది. అంతకాలం గది అద్దె కట్టుకుంటూ ఎదురుచూసే పరిస్థితి మీకు లేదు.

జీఎన్‌ఎం మూడేళ్లు. పొద్దున క్లాసు, తర్వాత వార్డు డ్యూటీ, మధ్యలో నైట్లు. మిషన్ ముందు కూర్చునే టైమ్ తగ్గిపోతుంది, ఆదాయమూ తగ్గుతుంది. అందుకే మీరు వద్దంటున్న కేసు గురించే ముందు మాట్లాడతాను. చదువు వేరు, కేసు వేరు అనుకోకండి. 2005 గృహ హింస చట్టం కింద మేజిస్ట్రేట్ మీకూ పాపకూ నెలనెలా ఖర్చులు ఇప్పించొచ్చు. తుది తీర్పు దాకా ఆగక్కర్లేదు, మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు. అది ఆయన పెట్టే భిక్ష కాదు, పాప హక్కు. మీ మూడేళ్ల చదువు ఆ డబ్బు మీదే నిలబడుతుంది. వకీలు ఫీజు గురించి టెన్షన్ పడకండి. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. నల్లగొండ జిల్లా కోర్టు ఆవరణలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆయన ఇంటి మీదికొస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కు చేయండి. ఆ పిటిషన్‌లోనే మీ సర్టిఫికెట్లు, బంగారం తిరిగి ఇప్పించమని కూడా రాయించండి.

మీ ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు లింకై ఉంది? చాలామంది విషయంలో అది భర్త నంబరే. మీరు ఆధార్‌తో ఏ ఫారం నింపినా ఓటీపీ ఆయన ఫోన్‌కు పోతుంది, మీరు ఎక్కడ ఏం చేస్తున్నారో ఆయనకు తెలిసిపోతుంది. మొదట ఆధార్ సెంటర్‌కు పోయి వేలిముద్ర వేసి మీ నంబరు పెట్టించుకోండి. తర్వాత మీ ఒక్కరి పేరు మీద బ్యాంకు ఖాతా తెరవండి. ఆధార్ చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ వస్తుంది కాబట్టి నల్లగొండకు ఎన్నిసార్లు తిరిగినా చార్జీల భారం ఉండదు.

పాప టీసీ పాత బడివాళ్లు ఇవ్వకపోయినా పాపను ఇంట్లో కూర్చోబెట్టకండి. విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి చేర్చుకోకుండా ఉండకూడదు. హెడ్‌మాస్టర్‌తో విడిగా కూర్చొని సంగతి చెప్పండి. మీరు గానీ అమ్మ గానీ వస్తే తప్ప పాపను ఎవరితోనూ పంపవద్దనండి. కోర్టు రక్షణ ఉత్తర్వు వచ్చాక దాని కాపీ ఇవ్వండి.

కాలేజీలో, అద్దె ఇంటి దగ్గర, రేపు ఉద్యోగంలో, "మీ ఆయన ఏం చేస్తాడమ్మా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు గొంతు పూడుకుపోయి, చేతిలోని ఫైలు మడుచుకుని లేచొచ్చిన వాళ్లను నేను చూశాను. మీరు జరిగిందంతా చెప్పుకోనక్కర్లేదు, అబద్ధమూ ఆడనక్కర్లేదు. "నేనూ మా పాపా మా అమ్మ దగ్గర ఉంటున్నాం. డ్యూటీ టైమింగ్స్‌కు ఇబ్బంది లేదు" అనండి. ఇంట్లో నాలుగుసార్లు పైకి అని చూసుకోండి. నాలుగోసారికి గొంతు వణకదు.

సీటుకు డబ్బు కట్టే ముందు ఆ స్కూలుకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, వార్డు డ్యూటీ ఏ ఆసుపత్రిలో వేస్తారు, రోజూ ఇంటికి వెళ్లిరావచ్చా, హాస్టల్‌లోనే ఉండాలా, ఈ మూడూ అడగండి. రాత్రుళ్లు పాప అమ్మమ్మ దగ్గర పడుకోవడం ఇప్పటినుంచే అలవాటు చేయండి.

కోర్టు సర్టిఫికెట్లు ఇప్పించే దాకా ఆగకండి. పదో తరగతి మెమో డూప్లికేట్‌కు మీరు చదివిన బడి హెడ్‌మాస్టర్ ద్వారా, ఇంటర్ మెమోకు మీ కాలేజీ ద్వారా అడగండి. హాల్‌టికెట్ నంబరు గుర్తులేదని ఆగిపోవద్దు. మీరు పాసైన సంవత్సరం, నాన్న పేరు చెప్పి పాత రిజిస్టర్ తీయమనండి.