జరిగిపోయిందా, జరుగుతూనే ఉందా?

దర్గామిట్ట, నెల్లూరు

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

తిరుపతిలో పీజీ పూర్తి కావస్తున్నదనీ, ఆపైన క్లినికల్ సైకాలజీలోనే ఉండి, పసితనంలో దెబ్బతిన్న పిల్లల చికిత్స, పరిశోధన చేయాలనుకుంటున్నాననీ, అందుకు ముందుగా ఏ పద్ధతిలో శిక్షణ తీసుకోవాలో చెప్పమనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. పద్ధతుల సంగతి తర్వాత చెబుతాను. ముప్పై ఏళ్ళు ఈ పనిలో ఉండి నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నది ఒకటుంది. నీకది మొదటి రోజునే తెలిసి ఉండాలని నా కోరిక. బిడ్డను తీసుకొచ్చి నీ ఎదుట కూర్చోబెట్టినప్పుడు, ఆ బిడ్డకు జరిగిన చెడు జరిగిపోయిందా, ఇంకా జరుగుతూనే ఉందా అన్నది ముందు తేల్చుకో. ఏం జరిగిందో ఆ తర్వాత తెలుసుకోవచ్చు.

నేను దీన్ని ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. ఆనవాళ్ళు మార్చి రాస్తున్నాను. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే కుటుంబం ఒకటి తొమ్మిదేళ్ళ పిల్లను తీసుకొచ్చింది. కడుపునొప్పి అంటుందట, స్కానింగులో ఏమీ కనబడలేదట, రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేచి ఏడుస్తుందట. దడుచుకున్నదని తాయెత్తు కట్టించారు, కసుమూరు దర్గాకు తీసుకెళ్ళారు, గొలగమూడి ఆశ్రమంలో నిద్ర చేయించారు, అప్పటికీ తగ్గక నా దగ్గరకు వచ్చారు. బంధువు ఒకడు పిల్లతో తప్పుగా ప్రవర్తించాడనీ, ఇప్పుడతను ఇంటికి రావడం లేదనీ తల్లి చెప్పింది. నేను నమ్మి, పుస్తకంలో ఉన్నట్టు, జరిగినదాన్ని కొద్దికొద్దిగా పిల్ల చేత చెప్పించడం మొదలుపెట్టాను. నాలుగో వారానికి పిల్ల కనుబొమల వెంట్రుకలు పీక్కుంటోంది. నా నోటు పుస్తకంలో నేను రాసుకున్న మాట 'మొండికేస్తోంది'. ఆరోసారి వచ్చినప్పుడు, బస్టాండు నుంచి ఎవరు తీసుకొచ్చారని మాటవరసకు అడిగితే, పిల్ల కిటికీ వైపు చూసింది. కింద వేపచెట్టు కింద కూర్చుని బీడీ కాలుస్తున్నవాడు ఆ బంధువే. తల్లికి తెలుసు, కూలి డబ్బులు, ఇంటి బాడుగ అన్నీ అతని చేతిలోనే ఉన్నందున నాకు చెప్పలేదు. ఆ పిల్ల భయం ఆ పిల్లకు కాపలా. నేను చేస్తున్నది ఆ కాపలాను తీసేయడం.

పిల్లను అమ్మమ్మ ఊరికి పంపి, అక్కడి బడిలో చేర్పించడానికి మూడు నెలలు పట్టింది. చికిత్స అనదగినది ఆ తర్వాతే మొదలైంది. అది పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం రాకముందు సంగతి, నేను పోలీసులకు చెప్పలేదు. 2012 నుంచి నీకు అలా చెప్పకుండా ఉండే వెసులుబాటు లేదు: 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరుగుతుందన్న అనుమానం ఉన్నా పోలీసులకు తెలియజేసి తీరాలి, తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. కనుక 'నువ్వేం చెప్పినా ఎవరికీ చెప్పను' అని ఏ పిల్లకూ మాట ఇవ్వవద్దు. ఏ విషయమైతే నువ్వు దాచలేవో మొదటి పది నిమిషాల్లోనే, పిల్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పు. అలా చెబితే కొందరు పిల్లలు నోరు మూసుకుంటారు. మూసుకోనీ, అప్పుడు చెప్పి తర్వాత మోసపోయాననుకోవడం కంటే అది నయం. బాలల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయడం, బాలల సంక్షేమ సమితికి నివేదిక రాయడం, బిడ్డను పదేపదే సాక్ష్యానికి పిలవకూడదని 33వ సెక్షన్‌లో ఉన్న మాటను కోర్టులో గుర్తుచేయించడం, ఇవన్నీ చికిత్సలో భాగమే. ఇవి సోషల్ వర్కర్ పనులని తప్పుకునే సైకాలజిస్టులను చాలామందిని చూశాను.

మన శాస్త్రానికి కూడా ఈ ప్రశ్న కొత్తది కాదు. పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే దెబ్బ తగిలిన తర్వాత మిగిలే మనోవ్యాధి) అనే రోగనిర్ధారణ 1980లో అమెరికన్ మనోవైద్యుల పుస్తకంలోకి వచ్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల అవస్థ దానికి పెద్ద ప్రేరణ. ఆ పేరులోనే 'తర్వాత' అనే అర్థం ఉంది, సైనికుడు యుద్ధం నుంచి ఇంటికి వచ్చాడు కాబట్టి. ఇంట్లోనే యుద్ధం ఉన్న బిడ్డకు ఆ 'తర్వాత' ఎప్పుడు? కాలిఫోర్నియాలోని చౌచిల్లాలో 1976లో బడి బస్సుతో సహా అపహరణకు గురైన 26 మంది పిల్లలలో దాదాపు అందరినీ ఏళ్ళ తరబడి గమనించిన పిల్లల మనోవైద్యురాలు లెనోర్ టెర్, ఒక్కసారి జరిగిన దెబ్బనూ పదేపదే తగిలే దెబ్బనూ వేరు చేసి చూడాలని 1991లో రాశారు. నువ్వు వీలైనంత త్వరగా చదవవలసిన వ్యాసమది.

2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత మన తీరంలోని పట్టపుపాలేలకు వెళ్ళినప్పుడు నేను దీన్ని మరోవైపు నుంచి చూశాను. అల వచ్చి వెళ్ళిపోయింది, నిజమే. కాని పడవ లేదు, వల లేదు, షెడ్డులో పడక, నాన్న తాగి వస్తున్నాడు. ఈలోగా ఊరికొక బృందం వచ్చి పిల్లలను కూర్చోబెట్టి బొమ్మలు గీయిస్తోంది. ఒక కుర్రవాడు నన్ను చూడగానే నీలం క్రేయాన్ తీసి, 'అలే కదా మేడం గీయాల్సింది?' అన్నాడు. విపత్తు జరిగిన వెంటనే ఒక్క విడతలో అనుభవమంతా చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటోంది. నేను చూసినంతలో, బడి తెరిచి అదే పంతులుగారు మళ్ళీ హాజరు పిలవడం మొదలైనప్పుడు చాలామంది పిల్లలు నిద్రపోయారు. నిద్రపట్టనివారు ఏ నలుగురో ఐదుగురో మిగిలారు. మా పని వాళ్ళతో.

అన్నిటికీ ట్రామా (మనసుకు తగిలిన పెద్ద దెబ్బ) అని పేరు పెట్టవద్దని కూడా చెప్పాలి. కనిగిరి, మార్కాపురం వైపు నుంచి తల్లిదండ్రులు మిరపకాయల కోతలకో, హైదరాబాదు కట్టడాల పనికో వలసపోతే అవ్వ దగ్గర ఉండి చదువుకునే పిల్లలందరూ రోగులు కారు. వాళ్ళలో కొందరికి దిగులు, కొందరికి ఆకలి, కొందరికి అవ్వే సర్వస్వం. అమెరికా వైద్యులు ఫెలిట్టి, ఆండా 1995–97లో పదిహేడు వేలకు పైగా పెద్దవాళ్ళను బాల్యంలోని చేదు అనుభవాల గురించి ప్రశ్నించి చేసిన ఏస్ అధ్యయనం గొప్పదే, కాని ఆ అనుభవాలను లెక్కించి ఇచ్చే స్కోరు జనసమూహాల గురించి చెప్పేది. ఒక బిడ్డ నుదుటిన రాయడానికి పనికిరాదని తర్వాత ఆండాయే హెచ్చరించారు. మన దేశంలో 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగిన అధ్యయనంలో మన రాష్ట్రమూ ఉంది. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు చెప్పారు. పరిశోధనకు దిగినప్పుడు ఆ అంకె కంటే నీకు ఎక్కువగా గుర్తుండవలసింది, ప్రశ్నాపత్రంలో 'అవును' అని టిక్కు పెట్టిన పిల్ల సాయంత్రం ఏ ఇంటికి వెళుతుందన్నది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్ళు దాటిన పిల్లల సమ్మతి కూడా తీసుకోవాలి, తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు. చికిత్సకు పంపే చోటు చూపలేని ఊరిలో ఆ ప్రశ్న అడగవద్దు. గైడు ఒత్తిడి పెడితే గైడును మార్చుకో.

ఇక నువ్వు అడిగిన శిక్షణ. ముందు రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న కోర్సు, కౌన్సిల్ రిజిస్టరులో పేరు. అవి లేనిదే క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు పెట్టుకోవద్దు. రెండేళ్ళ ఎం.ఫిల్.కు 2025–26 వరకే ప్రవేశాలని యూజీసీ చెప్పింది కాబట్టి, ఈ ఏడాది ఏ కోర్సు నడుస్తోందో కౌన్సిల్ వెబ్‌సైటులో చూసిన తర్వాతే ఫీజు కట్టు. బెంగళూరు నిమ్హాన్స్‌లో సీటు వస్తే మరో ఆలోచన పెట్టుకోకు. పద్ధతులలో, కోహెన్, మానరినో, డెబ్లింగర్ రూపొందించిన ట్రామా కేంద్రిత సీబీటీ (ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చే మాటల చికిత్స) నేర్చుకో. తల్లికో తండ్రికో విడిగా సమయం కేటాయించేది అది, సాధారణంగా పన్నెండు నుంచి పదహారు విడతలు. ఉదయగిరి నుంచి వచ్చేవాళ్ళకు ఒక్కో విడత ఒక రోజు కూలి. ఎన్నిసార్లు రావాలో మొదటే చెప్పు, చెప్పినన్నిసార్లలో ముగించడానికి ప్రయత్నించు.

జీతం తక్కువ. మీ నాన్నకు ఆ మాట నేనే చెబుతాను, నువ్వు చెప్పవద్దు.

దసరాకు వస్తావు కదా, రెండు రోజులు ఎక్కువ ఉండేలా చూసుకో. పేర్లు కొట్టేసిన నా పాత నోటు పుస్తకాలు బీరువాలో ఉన్నాయి. 'మొండికేస్తోంది' అని రాసిన పేజీ కూడా చించలేదు. ముందు అది చదువు.

మీ అత్తయ్య