డోసు పెంచారు, ఎండలో పనికి పంపొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. స్కిజోఫ్రీనియాకు రిస్పెరిడోన్, దాంతోపాటు ట్రైహెక్సీఫెనిడిల్ వాడుతున్నాడు. వారం క్రితం రిస్పెరిడోన్ డోసు పెంచారు. మిర్చి యార్డులో టిక్కీలు మోసే పని. ఈ మందులు ప్రాణం మీదికి తెస్తాయని ఎవరో అన్నారు. ఆపేయమంటారా?
– ఓ అక్క, గుంటూరు

జవాబు: ఆపకండమ్మా. ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెడుతుంది. ప్రస్తుతానికి ఆపాల్సింది ఎండలో బరువు పని.

మీరు విన్నది న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ గురించి అయ్యుండొచ్చు. అంటే ఇలాంటి మందుల వల్ల జ్వరం వచ్చి, ఒళ్లు బిగుసుకుపోయే దుష్ప్రభావం. అరుదే గానీ, గుర్తించడం ఆలస్యమైతే ప్రాణాంతకం. మందు మొదలుపెట్టిన లేదా డోసు పెంచిన తొలి రెండు వారాల్లోనే ఎక్కువగా వస్తుంది. మీ తమ్ముడు ఇప్పుడు ఆ రోజుల్లోనే ఉన్నాడు. ఒంట్లో నీరు తగ్గినవారికి, తిండీ నిద్రా లేక తీవ్ర ఆందోళనలో ఉన్నవారికి, డోసు త్వరత్వరగా పెంచినవారికి, హాలోపెరిడాల్ (ఇదీ ఇలాంటి మందే) ఇంజెక్షన్లు పడినవారికి, మూడ్ జబ్బులకిచ్చే లిథియం కూడా వాడేవారికి ముప్పు ఎక్కువ. గతంలో ఒకసారి వచ్చి ఉంటే ఆ సంగతి ప్రతి డాక్టరుకూ చెప్పి తీరాలి.

రిస్పెరిడోన్ లాంటి మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి. ఒంటి వేడిని అదుపు చేయడంలోనూ, కండరాల కదలికలోనూ దాని పాత్ర ఉంది. పైగా రిస్పెరిడోన్ వల్ల వచ్చే వణుకు, బిగుతు తగ్గడానికిచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ చెమటను తగ్గిస్తుంది. మే నెల ఎండలో చెమట పట్టకపోతే ఒళ్లు చల్లబడే దారే ఉండదు, వడదెబ్బ త్వరగా తగులుతుంది. ఆ మాత్ర ఇంకా అవసరమా అని ఈసారి డాక్టరును అడగండి. వణుకు, బిగుతు తగ్గాక కూడా చాలామందికి అలవాటుగా కొనసాగిపోతుంటుంది.

జ్వరం, ఒళ్లు కర్రలా బిగుసుకోవడం, మాట తికమకపడటం, గుండె వేగంగా కొట్టుకోవడం, మూత్రం ముదురు రంగులో రావడం... వీటిలో జ్వరానికి మరొకటి తోడైనా తర్వాతి మాత్ర వేయకుండా 108కి ఫోన్ చేయండి. మందుల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లి, డోసు ఎప్పుడు పెంచారో క్యాజువాలిటీలో ముందే చెప్పండి. ఆ మాట చెప్పకపోతే వడదెబ్బో, టైఫాయిడో అనుకుని సెలైన్‌తో సరిపెట్టే ప్రమాదం ఉంది. సీపీకే అనే రక్తపరీక్ష చేయమని అడగండి, కండరాలు దెబ్బతింటే అది బాగా పెరుగుతుంది.

మెడ ఓ పక్కకు తిరిగిపోవడం, కనుగుడ్లు పైకి వెళ్లిపోవడం వేరే సమస్య. కుర్రవాళ్లలో, డోసు మార్చిన తొలి రోజుల్లో ఎక్కువ. చూడ్డానికి భయంగా ఉన్నా ఇంజెక్షన్‌తో త్వరగా తగ్గుతుంది. గొంతు బిగిసి ఊపిరి ఆడకపోతే మాత్రం క్షణం ఆగొద్దు.

స్కిజోఫ్రీనియాకే ఇచ్చే మరో మందు క్లోజపైన్ వాడే ఇళ్లవారికీ ఓ మాట. అది తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించొచ్చు. జ్వరమో గొంతునొప్పో వస్తే అదే రోజు తెల్లరక్తకణాల పరీక్ష చేయించండి. తొలి 18 వారాలూ వారం వారం చేసే రక్తపరీక్షను మానొద్దు. మలబద్ధకం ఉంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి, ఈ మందుతో అదీ ప్రాణం మీదికి తేగలదు.