14.2 మూరల గుర్రం

సందేహం: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మాళేగావ్ ఖండోబా జాతరకు గుర్రాల కోసం వచ్చే మన తెలుగువాళ్లకు పనికొస్తుందని జీను కొలతల మీద ఒక కాగితం రాస్తున్నాను. '14.2 హ్యాండ్స్' అన్నదాన్ని '14.2 మూరలు' అనీ, 'విదర్స్'ను 'మూపురం' అనీ రాశాను. సరేనా? జీను ఫిట్ కావడాన్ని 'సరిపోవడం' అంటే చాలునా?

సమాధానం: మూర అంటే మోచేతి నుంచి నడివేలి కొస దాకా, సుమారు ఒకటిన్నర అడుగు. మీ లెక్కన ఆ గుర్రం 21 అడుగులు దాటుతుంది. దానికి జీను కంటే ముందు నిచ్చెన వెతకాలి! ఇక్కడ హ్యాండ్ అంటే అరచేతి వెడల్పు. దాన్ని నాలుగు అంగుళాలకు ఖాయం చేశారు. మన బెత్తెడు దీనికి దగ్గరే గానీ అది మనిషి మనిషికీ మారుతుంది. అందుకే హ్యాండ్ అనే ఉంచండి. ఇంకో చిక్కు, అందులోని చుక్క దశాంశం కాదు. 14.2 అంటే 14 హ్యాండ్ల మీద 2 అంగుళాలు, మొత్తం 58 అంగుళాలు. చుక్క తర్వాత 3 దాటి రాయరు, నాలుగో అంగుళంతో 15 హ్యాండ్లు అయిపోతుంది కాబట్టి. 'పద్నాలుగు హ్యాండ్ల రెండంగుళాలు' అని విప్పి రాస్తే ఎవరూ పొరబడరు.

మూపురం ఎద్దుకు ఉంటుంది, గుర్రానికి ఉండదు. మెడ దిగాక భుజాల నడుమ ఎత్తుగా కనిపించే చోటుకు 'మూపు' చాలు. ఎత్తు కొలిచేది కూడా నేల నుంచి మూపు దాకానే, తల దాకా కాదు.

అయితే ఎత్తు తెలిసినంత మాత్రాన జీను కొలత తేలదు, మీ కాగితంలో ఆ రెండూ కలిసిపోయాయి. ఒకే ఎత్తున్న రెండు గుర్రాల్లో ఒకదాని మూపు కోసుగా, రెండోదాని మూపు వెడల్పుగా ఉండొచ్చు. గుర్రాన్ని సమనేల మీద నాలుగు కాళ్లూ సమంగా మోపి నిలబెడతారు. వంచితే అలాగే నిలిచే తీగను భుజపు ఎముకకు రెండు మూడు వేళ్లు వెనగ్గా, వీపుకు అడ్డంగా ఒత్తి, ఆ ఆకారాన్ని కాగితం మీద గీసుకుంటారు. అప్పుడు గుర్రం తల వంచి గడ్డి మేస్తోందా, వంపు మారిపోతుంది, మళ్లీ కొలవాల్సిందే. జీను బరువు చివరి పక్కటెముక దాటి వెనక్కి పడకూడదు గనక అక్కడి దాకా పొడుగూ చూస్తారు. వీటిని 'మూపు వంపు', 'వీపు పొడుగు' అని రాయండి.

'సరిపోవడం' సైజు మాట. మీకు కావలసింది 'అమరడం'. సైజు సరిపోయిన జీను కూడా అమరకపోవచ్చు. స్వారీ అయ్యాక జీను తీసి చూస్తే వీపంతా చెమటతో తడిసి, నడుమ అక్కడక్కడా పొడి మచ్చలుంటే అక్కడ జీను నొక్కుతోందని అనుమానించాలి. నొక్కడం వేరు, ఒరుసుకోవడం వేరు. జీను కదులుతూ వెంట్రుకలు రాలగొడితే అది ఒరుపు.

జీను కింది మెత్తను మీవైపు మరాఠీ వాళ్లలాగే ఖోగీర్ అంటుంటే అదే రాయండి, తప్పేం లేదు. జీను అనే మాట కూడా పారసీ నుంచి వచ్చిందే కదా! అయితే ఖోగీర్ మందంగా వేస్తే ఇరుకు జీను అమరుతుందని మాత్రం రాయకండి. ఇంకా ఇరుకవుతుంది.