ఓడను కట్టినచోట మొదలుపెట్టు

చిరంజీవికి, ఆశీస్సులు.

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడిన సంగతిపై నువ్వు రాసిన వ్యాసం చదివాను. జనం భయాన్ని బాగా పట్టుకున్నావు. కానీ ఆ విమానాలు బయలుదేరిన ర్యూజోను ‘భీకరమైన విమానవాహక నౌక’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. వ్యాసం అక్కడే పలచబడింది.

ఆ నౌక ఇరుకులో పుట్టింది. 1922 నాటి వాషింగ్టన్ ఒప్పందం జపాన్ విమానవాహక నౌకల మొత్తం బరువును 81,000 టన్నులకు పరిమితం చేసింది. పదివేల టన్నుల లోపువి మాత్రం ఆ లెక్కలోకి రావు. ఆ సందులోంచి దూరడానికే ర్యూజోను సుమారు 8,000 టన్నులతో గీశారు. 1930లో లండన్ ఒప్పందం ఆ సందునూ మూసేసింది. ఇంతలో విమానాలు చాలవనిపించి, కడుతుండగానే హ్యాంగర్ (విమానాలు ఉంచే అర) మీద మరో హ్యాంగర్ ఎక్కించి 48 విమానాలకు చోటు చేశారు. కింద ఓడ అదే, పైన బరువు పెరిగింది.

1934 మార్చిలో తోమోజురు అనే టార్పెడో పడవ తుఫానులో బోల్తాపడ్డాక, నౌకాదళం మిగతా ఓడలనూ పరీక్షించింది. ర్యూజో అడుగున బరువులు నింపారు, పక్కలు వెడల్పు చేశారు, కొన్ని ఫిరంగులు తీసేశారు. దాంతో ఓడ నీళ్లలో ఇంకా లోతుకు దిగింది. 1935 సెప్టెంబర్ తుఫానులో హ్యాంగర్‌లోకి నీళ్లొచ్చాయి. ముందుభాగాన్ని మళ్లీ ఎత్తు పెంచాల్సివచ్చింది. ఈ వరుసను తొందరపడకుండా చెప్పు. ఒక్కో మరమ్మతు తర్వాతి చిక్కును ఎలా తెచ్చిందో పాఠకుడికి కనబడాలి. గీసినవాళ్లను తెలివితక్కువవాళ్లని మాత్రం రాయకు, వాళ్ల చేతులు కట్టేసి ఉన్నాయి.

హ్యాంగర్ నుంచి విమానాలను డెక్ మీదికి, అంటే అవి ఎగిరే పైతట్టు మీదికి, ఎత్తే వెనుక లిఫ్ట్ సంగతి వదలకు. తర్వాత వచ్చిన పెద్ద విమానాలకు అది చాలలేదు. డెక్ మీదికి విమానాలను చేర్చడం నెమ్మదించింది. ఇంత చిన్న వివరం యుద్ధ ప్రణాళికను నడిపిస్తుంది. ఆ ఏప్రిల్‌లో జపాన్ అడ్మిరల్ నగుమో ఐదు పెద్ద విమానవాహక నౌకలతో సింహళం మీదికి వెళ్లాడు. ర్యూజో మాత్రం మరో అడ్మిరల్ ఓజావా దళంతో బంగాళాఖాతంలో సరుకు ఓడలను వేటాడింది. మన తీరానికి వచ్చింది జపాన్ మొదటి వరుస నౌక కాదు. నా దృష్టిలో నీ వ్యాసానికి ఇదే వెన్నెముక.

ఆగస్టు 24న సాలమన్ దీవుల దగ్గర అమెరికా నౌక సారటోగా విమానాలు దాన్ని ముంచేసిన సంగతికి ఒక వాక్యం చాలు. విశాఖ పేరాకు ముందే లిఫ్ట్ పేరా పెట్టి, తిరగరాసిన ప్రతిని నాకు పంపు.